సునామీ సైరన్ మోగుతుంటే ఒంటి తుమ్ము

మా చిన్నప్పుడు... హవాయిలో, హిలో ఊళ్ళో, సముద్రం ఒడ్డునే మా కొట్టు. ఆ రోజు పొద్దున నానమ్మ దోసెల పిండిలో ఉప్పు కలుపుతోంది. అలమరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. ఆ వెంటనే నేల ఊగింది... చాలాసేపు ఊగింది.

అది ఆగీ ఆగకముందే సైరన్ అందుకుంది.

సైరన్ మాకు కొత్త కాదు. నెలకోసారి టెస్ట్ కోసం మోగిస్తారు, ఎవరూ తలెత్తి కూడా చూడరు. కానీ అది టెస్ట్ రోజు కాదు...

నాన్న వ్యాన్ తీసుకుని కొండ మీది ఆఫీసులకి లంచ్‌లు ఇవ్వడానికి వెళ్ళాడు. మాకు ఇంకో బండి లేదు, సెల్‌ఫోన్లు రాని రోజులు. కొట్లో ఉన్నది అమ్మ, నానమ్మ, తొమ్మిదేళ్ళ నేను.

పక్కది కెన్ అంకుల్ కొట్టు. సైమిన్ అని, వేడివేడి నూడుల్స్ సూప్ అమ్మేవాళ్ళు. వాళ్ళ తాత జపాన్ నుంచి వచ్చి పెట్టిన కొట్టట. మా దాంట్లో పొద్దున దోసెలు, మధ్యాహ్నం ప్లేట్ లంచ్... రెండు ముద్దల అన్నం, కోడికూర, మాకరోనీ సలాడ్. కోడికూర పక్కన మాకరోనీ ఏమిటని అడక్కండి, ఆ దీవిలో అది లేకపోతే దాన్ని లంచ్ అనరు!

కెన్ అంకుల్‌కి అప్పటికి అరవై దగ్గర పడ్డాయి. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆ రోజు మా గుమ్మంలోకి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గ్యాస్ ఆఫ్! ఎవ్రీబడీ ఇన్ ద ట్రక్. నౌ!"

అమ్మ పొయ్యిలన్నీ కట్టేసింది. నానమ్మ చెప్పులేసుకుంది. గడప దాటబోతున్నాం... నాకు తుమ్మొచ్చింది. ఒక్కటంటే ఒక్కటే.

నానమ్మ గిరుక్కున వెనక్కి తిరిగి, వెళ్ళి స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఏంటత్తయ్యా ఇది! లేవండి!" అమ్మ అరిచింది.

"ఒంటి తుమ్ము తుమ్మింది పిల్ల. ఎలా బయల్దేరతాం అమ్మాయ్? ఆ రోజు మీ మావగారు ఇలాగే, వద్దంటే వినకుండా వెళ్ళే కదా..."

మా తాతయ్య కాకినాడలో ఒంటి తుమ్మును లెక్కచెయ్యకుండా గడప దాటి, లారీ కింద పడి చనిపోయారు. ఆ మాట ఎత్తాక అమ్మ గబగబా గ్లాసుతో నీళ్ళిచ్చింది. నానమ్మ తాగింది... కానీ లేవలేదు.

"మామూలు రోజైతే మంచినీళ్ళు సరిపోతాయి. ఇది గండం. రెండో తుమ్ము పడాల్సిందే."

బయట సైరన్ ఆగడం లేదు. కార్లన్నీ కొండ వైపు పోతున్నాయి. కెన్ అంకుల్ స్టార్ట్ చేసిన ట్రక్ మా ఎదురుగానే ఉంది. ఆయన ఒక్కడే ఎక్కి వెళ్ళిపోతే అడిగేవాళ్ళు లేరు.

"వన్ మినిట్, అంకుల్... ప్లీజ్" అంది అమ్మ.

ఆ మాటకి ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. నేను ఏడుస్తూ ఇంగ్లిష్‌లో చెప్పాను... నేను ఒక్కసారే తుమ్మాను, ఇంకో తుమ్ము పడితే తప్ప నానమ్మ కదలదు అని.

తిడతాడనుకున్నాను. తన కొట్లోకి పరిగెత్తి, సూప్ మీద చల్లుకునే మిరియాల పొడి సీసా తెచ్చి నా అరచేతిలో గుమ్మరించాడు. "స్మెల్! బిగ్ వన్!"

పీల్చాను. ముక్కు మండింది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి... తుమ్ము రాదే! వద్దన్నప్పుడు వచ్చి చస్తుంది, కావాలంటే రాదు. వెనక కిటికీలోంచి చూస్తే సముద్రం వెనక్కి పోతోంది. నేనెన్నడూ చూడని నల్లరాళ్ళు బయటపడ్డాయి. కెన్ అంకుల్ అటు ఒక్కసారి చూశాడు, ఇంక చూడలేదు. అయినా గుమ్మం వదల్లేదు.

"హాచ్!"

తుమ్మింది నేను కాదు... నానమ్మ! ఎవరి తుమ్మైతేనేం అనుకుందో ఏమో, "పడింది, పదండి పదండి" అంటూ అందరికంటే ముందు వెళ్ళి ట్రక్‌లో కూర్చుంది.

మేం కొండెక్కిన కాసేపటికే నీళ్ళొచ్చాయి. మా రెండు కొట్ల వంటగదుల్లో నడుం లోతు. నాన్న మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, నానమ్మని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మీరు వెళ్ళిపోవాల్సింది అంకుల్, మాకోసం ఎందుకాగారు?" అని అమ్మ అడిగింది. ఆయన చిన్నప్పుడు ఇలాగే అల వచ్చిందట. వాళ్ళమ్మ ఒక్క నిమిషం అని కొట్లోకి వెళ్ళిందట. "నాకు ఏడేళ్ళు. నేను ఆగలేదు, పరిగెత్తాను" అన్నాడు.

నానమ్మకి ఇంగ్లిష్ రాదు. ఏమన్నాడే అని నన్నడిగింది. చెప్పాను. ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "నా మూలాన ఈ మారాజు కూడా పోయేవాడు కదే" అని బావురుమంది.

కెన్ అంకుల్ పోయి చాలా ఏళ్ళైంది. వాళ్ళ పిల్లలు కొట్టు అమ్మేశారు. ఇప్పుడక్కడ బబుల్ టీ షాప్... పనిచేసే పిల్లలు తరచూ మారిపోతుంటారు, పేర్లు కూడా నాకు తెలియవు. మా కొట్టు మాత్రం ఉంది, నేనే నడుపుతున్నాను.

ఆ మధ్య మళ్ళీ సునామీ అలర్ట్ వచ్చింది. అందరి ఫోన్లూ ఒక్కసారే మొత్తుకున్నాయి. చూస్తుండగానే వీధి ఖాళీ, ఎవరి కారు వాళ్ళది. నేను కొట్టు మూసి, పక్కకి వెళ్ళి తలుపు తట్టాను. లోపల లైట్లు వెలుగుతున్నాయి, మనుషుల్లేరు. వాళ్ళ తప్పేం లేదు, చెయ్యాల్సిందే చేశారు. కాకపోతే... మా తలుపు ఎవరూ తట్టలేదు.

మీకోసం అలా గుమ్మంలో ఆగిపోయిన పొరుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే కామెంట్‌లో రాయండి... కానీ ఇంకా బతికే ఉంటే, ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యండి.