ఖాజాకు కనబడని గడులు

వినుకొండ బస్టాండు వెనక సందులో ఖాజా మొహిద్దీన్‌కి బైకుల రిపేరు షాపుంది. పని లేనప్పుడు ఫోన్‌లో చెస్ ఆడతాడు, ముక్కూ మొహం తెలియని వాళ్లతో. గెలిస్తే రేటింగ్ పెరుగుద్ది, ఓడితే తగ్గుద్ది. ఏళ్ల తరబడి గింజుకుని దాన్ని పదిహేను వందలు దాటించాడు.

అట్లాంటిది ఎండాకాలం పోయినాక ఆట జారడం మొదలైంది. గెలిచే ఆటలు కూడా పోగొట్టుకుంటున్నాడు. మొదట సిగ్నల్ బాగాలేదన్నాడు. తర్వాత హారన్ల గోల అన్నాడు. కొత్త ఎత్తులు నేర్పే వీడియోలు చూశాడు. అయినా రేటింగ్ పన్నెండు వందల కిందికి పడింది. చివరికి నరసరావుపేటలో పిల్లలకు చెస్ నేర్పే స్టీఫెన్ మాస్టారి ముందు ఫోన్ పెట్టాడు.

"నా ఆట ఎక్కడ చెడిందో చూడండి మాస్టారూ. తిట్టినా పర్లేదు."

స్టీఫెన్ ఓడిన ఆటలు ఒక్కొక్కటే కంప్యూటర్‌లో వేసి చూశాడు. మొదలు బాగుంది. నడిమి ఆట ఇంకా బాగుంది. ఉన్నట్టుండి పిల్లలు కూడా వేయని ఎత్తు.

"ఖాజా భాయ్, ఈ ఏనుగు నీ మంత్రికి గురిపెట్టి కూర్చుంది. చూళ్ళేదా?"

"అక్కడేం లేదనుకున్నా."

"మరి ఈ గుర్రం?"

"అదీ అంతే."

తెల్లపావులతో ఆడినా నల్లవాటితో ఆడినా, ఖాజాని ముంచిన పావు ప్రతిసారీ తెరకి ఎడమ అంచునే ఉంది. స్టీఫెన్ ఎదురుగా కూర్చుని, తన ముక్కు వంకే చూడమని, ఖాజా ఎడమపక్కగా వేలు ఆడించాడు.

"ఏం కనబడుతుంది?"

"ఏముంది కనబడటానికి?"

మాస్టారు చెయ్యి దించేశాడు. "ఆట సంగతి తర్వాత. ముందు కళ్ల డాక్టరు దగ్గరికి పద."

కళ్లు బాగానే ఉన్నాయట. స్కానింగ్‌లో తెలిసింది, మెదడులో చూపుకు సంబంధించిన చోట ఎప్పుడో రక్తం అందక దెబ్బతిని, రెండు కళ్లకూ ఎడమపక్క చూపు పోయిందని. ఎండాకాలంలో ఒకరోజు తల దిమ్మెక్కితే వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకున్నాడు. ఆ తర్వాత నుంచే గుమ్మానికి భుజం తగలడం, పక్కనున్న టీ గ్లాసు తన్నడం. "కళ్లు నెత్తి మీద పెట్టుకుని నడుస్తావేంది?" అని భార్య కుల్సుం కసిరేది. ఆ మాట గుర్తొచ్చి ఆస్పత్రి బెంచీ మీద కొంగు నోట్లో కుక్కుకుంది.

"చూపు తిరిగొస్తదా సార్?" అని డాక్టర్ని అడిగాడు ఖాజా.

"ఇన్ని నెలలైంది. ఆశ తక్కువ. మళ్లీ రాకుండా మందులు వాడు. బండి మాత్రం నడపొద్దు."

బాగుచేసిన బండిని ఒక చుట్టు తిప్పకుండా ఇచ్చేదెట్టా? మీరే తిప్పి చూసుకోండి అంటే జనం అనుమానంగా చూస్తారు. కొందరు మళ్లీ రావడంలేదు.

ఆట మానలేదు. ప్రతి ఎత్తుకు ముందు తల ఎడమకి తిప్పి, అంచు నుంచి గడి గడీ చూసుకుంటూ రమ్మని స్టీఫెన్ నేర్పాడు. అట్లా చూస్తే పావులు దొరుకుతున్నాయి గానీ, ఆటకిచ్చిన టైమ్ అయిపోతుంది. ఎక్కువ టైముండే ఆటలకు మారాడు. రేటింగ్ కాస్త పుంజుకుని మళ్లీ జారింది.

మొన్న ఆదివారం కుల్సుం పక్కన కూర్చుని చూస్తోంది. ఆటేందో ఆమెకి తెలియదు, ఆయనకు ఎడమపక్క కనబడదని మాత్రం తెలుసు.

"ఆ మూల..." అంది.

"చెప్పమాక. మోసమవుద్ది."

నోరు మూసుకుంది. కానీ ఊపిరి బిగబట్టడం ఖాజాకు వినబడింది. తల తిప్పి వెతికాడు. ఆ పావు దొరికేసరికి టైమ్ అయిపోయింది.

ఇద్దరూ కాసేపు ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నారు.