సోడాతో మాత్ర పరీక్ష

మూత్రం ఎక్కువ పోయించే మాత్ర కంటికెందుకని అడిగావు కదా నాన్నా. మూత్రపిండాల కణాల్లో పనిచేసే ఒక ఎంజైమే కంటి లోపల నీరు ఊరడానికీ సాయపడుతుంది. ఆ మాత్ర ఎంజైమును అణిచిపెడితే మూత్రం పెరుగుతుంది, కంటి ఒత్తిడి తగ్గుతుంది. ఇదంతా నాకు కువైట్‌లో, పక్కింట్లో ఉండే మన గోదావరి జిల్లా నర్సు చెప్పింది.

అర్దియాలో నేను పనిచేసిన ఇంటి ముసలావిడను మామా అనేదాన్ని, అక్కడ అమ్మ అని. ఆవిడకు కంటి ఒత్తిడి ఎక్కువ, ఆ మాత్ర ఆపితే చూపు పోతుందన్నారు. ఇరాక్ సైన్యం వచ్చాక మందుల షాపులు ఖాళీ అయిపోయాయి. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఆ మందేనంటూ కాగితంలో చుట్టిన మాత్రలు ఇచ్చిపోయాడు. పేరు లేదు, అట్ట లేదు.

నర్సుకు చూపించాను. "విషమైతే ఎట్లక్కా?"

"విషమైతే నిన్ను తిట్టడానికి ఆవిడ ఉండదులే! రెండు మూడు పూటలు వేసి సోడా తాగించు. ఆ ఎంజైము నాలుక మీదా ఉంటదమ్మా, సోడా చురుక్కుమని తెలిసేది దానివల్లే. మాత్ర అసలుదైతే సోడా చప్పగా ఉంటది."

మూడు పూటలు మాత్ర వేశాక సోడా తీశాను. ఇంట్లో మిగిలింది ఒక్కటే సీసా. మామా తాగి, "నీళ్లే! ఖలాస్, మంచి మాత్ర" అని నవ్వింది. అడుగున మిగిలింది నేను తాగాను.

"మామా, నాకూ చప్పగానే ఉండాది."

"నీ నాలుక మీద ఊరేదంతా అనుమానమే. యల్లా, పో!" అని ఇంకో మాత్ర మింగేసింది.

తర్వాత కొద్ది రోజులకే మనవాళ్లందరితో పాటు బస్సెక్కి సరిహద్దు దాటి, అక్కణ్ణుంచి విమానంలో వచ్చేశాను. ఆ మాత్రలో మందు ఉందా, లేక సీసాలోనే గ్యాసు పోయిందా?