కోత మిషనూ, మంచి చెయ్యీ

ఆ ఏడాదంతా మా ఇంట్లో ఇనుప రాడ్లు కోసే కోత మిషను మాటే. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని మావారు "కొందామా?" అనేవారు. "చూద్దాం" అనేదాన్ని. రాత్రి మజ్జిగన్నం దగ్గర మళ్లీ "కొందామా?" మళ్లీ "చూద్దాం". చూడడానికి కొత్తగా ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. అవునని అనడానికి నోరు రాలేదు, కాదని అనడానికి ధైర్యం చాలలేదు. ఇప్పటికీ ఎవరైనా "ఏది కొనమంటావు?" అని నన్ను అడిగితే, చీర విషయమైనా సరే, ఒళ్లు మండుతుంది.

మేం కోస్తా నుంచి వచ్చినవాళ్లం. మావారికి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగం రావడంతో పెళ్లైన కొత్తలోనే ఇటు వచ్చేశాం. తొంభైల్లో, ముందే రిటైరయ్యే వీలు దొరికినప్పుడు, ఈయన ఎవరినీ అడగకుండా సంతకం పెట్టేసి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని ఇనుము చెక్కే లేత్ మిషన్లు రెండు పెట్టారు. "ఇక ఒకరి కింద పనిచెయ్యను" అన్నారు. ఒకరి కింద మానేసి పదిమంది కింద చేరారు, అంతే తేడా. మాకు పని ఇచ్చే ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌తో మొదలుపెట్టి లోపల కొనుగోళ్లు చూసే మనిషి దాకా అందరికీ నమస్కారాలే.

మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకుని వెళ్లేదాన్ని. వెళ్లినదాన్ని ఊరికే వస్తానా? తయారైన ముక్కలు తుడిచి, నూనె రాసి, సంచుల్లో సర్ది, చీకటి పడేవేళకు ఇల్లు చేరేదాన్ని. ఇంట్లో మళ్లీ పొయ్యి. అలిసిపోయాను అని చెప్పుకోవడానికి కూడా అక్కడ ఎవరికీ తీరిక లేదు.

లేత్ మీదికి ఎక్కించే ముందు పొడుగాటి ఇనుప రాడ్డును కావలసిన కొలతకు ముక్కలుగా కొయ్యాలి. ఆ కోసే మిషను మాకు లేదు. మా వీధిలో ఏ షెడ్డులోనూ లేదు. రోడ్డు అవతల అక్క దగ్గర మాత్రమే ఉండేది. వీధి మొత్తం రాడ్లు అక్కడికే చేరేవి.

అక్క అంటే నాకు చుట్టం కాదు. ఈ వాడ కట్టకముందు ఇదే నేలలో జొన్నలు పండించుకున్న ఇంటి కోడలు. భూమి పోయి పరిహారంగా చేతికి వచ్చినదానితో ఆమె భర్త ముందొక మోటారు సైకిలు కొన్నాడట, తర్వాత జీపుల్లో నాయకుల వెనక తిరిగాడట. ఉన్నదంతా కరిగిపోకముందే ఆమె పట్టుబట్టి హాక్సా అనే ఈ కోత మిషను కొనిపించింది. రాడ్డు బిగిస్తే రంపం దానంతట అదే ముందుకూ వెనక్కూ ఆడుతుంది. బ్లేడు వేడెక్కకుండా దాని మీద సబ్బునూనె కలిపిన తెల్లనీళ్లు సరిగ్గా పడుతున్నాయో లేదో చూస్తూ పక్కన కూర్చోవాలి. "జొన్నచేన్ల మంచె మీద కూసోని పిట్టలు గొట్టినట్టే చెల్లె. అప్పుడు పిట్టలు, ఇప్పుడు గీ నీళ్లు" అనేది.

ఆ వీధిలో ఆడవాళ్లం మేమిద్దరమే. మిగతా షెడ్ల మగవాళ్లు గోడ పక్కకు తిరిగితే సరిపోయేది, నాకెలా? అక్క షెడ్డు వెనక తాళం వేసిన బాత్రూం ఒకటుండేది. మొదటి వారంలోనే నా ముఖం చూసి, అడగకుండానే దాని తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టింది. "సాయంత్రందాక బిగవట్టుకోని కూసుంటె బీమారొస్తది" అంది. ప్లాంటు క్వార్టర్లలో పన్నెండేళ్లు పక్కపక్కన ఉన్నవాళ్లు కూడా నాకు అంత సాయం చేసి ఎరగరు.

ఆమెకు ఇంకో పేరుంది. అక్క చెయ్యి మంచిదని. ఏ షెడ్డులో కొత్త మిషను దిగినా, పాత మిషను రిపేరై వచ్చినా, కొబ్బరికాయ కొట్టాక మొదటి స్విచ్చు ఆమె చేతే వేయించేవారు. మా లేత్‌లు రెండూ ఆమె వేసినవే. ఆమె కూడా ఆ పని సరదాగా చేసేది కాదు. తలంటుకుని, మంచి చీర కట్టుకుని వచ్చేది. స్విచ్చు వేసి వెళ్లిపోకుండా మొదటి ముక్క కింద పడేదాకా మిషను దగ్గరే కూర్చునేది. "ముక్క పడేదాక లేవద్దు" అనేది. అదెక్కడి శాస్త్రమో నేను అడగలేదు.

ఇంతమంచి మనిషే, పని దగ్గర మాత్రం చుట్టరికం లేదు. వరసంటే వరసే. కరెంటు పోయి వచ్చేసరికి ఆమె గుమ్మం ముందు అందరి రాడ్లూ పేరుకునేవి. మావి వెనక ఉంటే వెనకే. నేను బతిమాలినా "ఇయ్యాల నీదాన్ని ముంగట వెడితే రేపు వాడొచ్చి నన్ను అడుగుతడు" అనేది. రాడ్లను వరసలోనే వదిలి నేను వెనక్కి వచ్చేసేదాన్ని. ఇవతల ఫ్యాక్టరీ మనిషి మావారిని రెండుసార్లు ఆలస్యానికి నిలబెట్టి కడిగేశాడు. మూడోసారి ఆలస్యమైతే ఆ పని ఇంకొకరికి పోతుందని చెప్పాడు. ఆ పని పోతే మా షెడ్డుకు తాళమే.

మావారు ఆ రాడ్లను భుజాన వేసుకుని రోడ్డు దాటేవారు. కోసిన ముక్కలు బస్తాలో వేసుకుని మళ్లీ దాటేవారు. యాభై దాటిన మనిషి. భుజం మీద చర్మం కమిలి నల్లబడింది. రాత్రి వేడి ఉప్పు మూట కాపడం పెడుతుంటే గోడ వైపు తిరిగి "కొందామా?" అనేవారు.

కొనడానికి ఉన్నది నా పేరు మీద వేసిన చిట్టీ. అందుకే నన్ను అడగడం. లేకపోతే ఆయన అడిగే మనిషి కాదని చెప్పాను కదా. ఆ చిట్టీని వేరే దేనికీ దాచలేదు కూడా. నా నోరు కట్టేసింది రోడ్డు అవతలి మనిషి. మా రాడ్లే ఆమెకు సగం పని. మేం కొంటే మమ్మల్ని చూసి ఇంకొకరు కొంటారు. అప్పుడు ఆమె ఏం కోస్తుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇందులో నా మొగుణ్ణి నూతిలో తొయ్యనా, అక్కను గోతిలో తొయ్యనా అని అన్నాళ్లూ "చూద్దాం" అంటూ గడిపాను. దేవుడు ఇలాంటివి మగవాళ్లకు పెట్టడు.

ఒకరోజు ముసురు పట్టి ఉంది. మావారు రోడ్డు మధ్యలో జారి మోకాళ్ల మీద పడ్డారు. రాడ్డు పక్కకు దొర్లింది కాబట్టి సరిపోయింది. ఒక లారీ ఆగి హారన్ కొట్టింది. ఆయన లేచి రాడ్డును తీసి మళ్లీ భుజానికెత్తుకున్నారు. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో "కొనండి" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ తలూపారు. సంతోషం ఇద్దరికీ లేదు.

పాత మిషను ఒకటి బాలానగర్‌లో దొరికింది. దాన్ని షెడ్డులో దించాక అసలు చిక్కు మొదలైంది. మొదటి స్విచ్చు ఎవరు వెయ్యాలి?

"ఆవిణ్ణి ఎలా పిలుస్తామండీ? ఆవిడ వేలితో ఆవిడ కన్నే పొడిపించినట్టుంటుంది" అన్నాను.

"పిలవకపోతే ఎలా? అందరి మిషన్లకూ పిలిచి, మన దానికి పిలవకపోతే ఆవిడ చెయ్యి చెడ్డదని మనమే వీధికి చాటినట్టు కాదా?" అన్నారు.

అదీ నిజమే. బొట్టుపెట్టె తీసుకుని నేనే రోడ్డు దాటాను. అక్క బ్లేడు మారుస్తోంది.

"రా చెల్లె, కూసో. ఏంది, బొట్టుపెట్టె తెచ్చినవ్? ఎవ్వరి పెండ్లి?"

బొట్టుపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "అక్కా, మేం ఒకటి..."

"కోత మిషన్ దించిన్రు. గదే గదా? నిన్న లారీలకెల్లి దిగంగ నేను జూడలేదా? నువ్వు చెప్తవేమోనని రాత్రంత జూసిన."

"నీకు కష్టంగా ఉంటుందని..."

"ఉంటది. ఎందుకుండదు? మీ రాడ్లు రాకుంటె నా మిషన్ సగం దినం ఉత్తగనే ఉంటది. గని సారు భుజం నాకు కనవడ్తలేదా? రోజు నా ముంగటనే దించుతడు గదా. మొన్న పడ్డది గూడ జూసిన." చేతులు చీరకు తుడుచుకుని ముఖం ముందుకు పెట్టింది. "పెట్టు బొట్టు. రాకుంటె అక్కకు కండ్లమంట అంటరు. ఎన్ని గంటలకు?"

ఆమె నుదుటన పెట్టిన బొట్టు కాస్త పక్కకు పోయింది. "సక్కగ పెట్టు" అంది.

మర్నాడు తలంటుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. రాడ్డు బిగింపు ఒకసారి లాగి చూసి, స్విచ్చు వేసింది. రంపం కదలగానే వీధివాళ్లందరూ చప్పట్లు కొట్టి మిఠాయి పొట్లాల వైపు వెళ్లిపోయారు. అక్క మాత్రం డబ్బా బోర్లించుకుని కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ముక్క పడేదాకా ఇద్దరం తెల్లనీళ్ల వైపే చూశాం. "నీళ్లు జెర ఎక్కువ పెట్టు, లేకుంటె బ్లేడ్ ఖరాబైతది" అంది. ముక్క టంగుమని కింద పడింది. ఆమె లేచి వెళ్లిపోయింది. మిఠాయి పొట్లం వద్దనలేదు, తీసుకుంది.

బయటివాళ్ల రాడ్లు మన మిషను మీద కొయ్యకూడదని మావారితో ఒట్టు వేయించుకున్నాను. కొన్నాళ్లు నిలిచింది. తర్వాత "తెలిసినవాడు, కాదనలేను" అని ఒకటి, "అర్జెంటు" అని ఇంకొకటి. ఇలాంటి ఒట్లు గట్టున పెట్టడానికే. ఈలోగా వీధి చివర షెడ్డువాళ్లూ కోత మిషను కొన్నారు. దానికీ అక్కనే పిలిచారు. వెళ్లింది. తలంటుకునే వెళ్లింది.

నేను ఆమె బాత్రూంకి వెళ్లడం మానేశాను. తాళంచెవి నా కొంగుకే ఉండేది, వెళ్లడానికి కాళ్లు రాలేదు. సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా పని చేసేదాన్ని. ఒకరోజు రోడ్డు అవతల నుంచే కేక వేసింది. "ఓ చెల్లె, నా మీద అలిగినవా, నీ కడుపు మీద అలిగినవా? రా!" తల వంచుకుని వెళ్లాను. వచ్చేటప్పుడు చూశాను, ఆమె మిషను మీద సంచి కప్పి ఉంది.

ఆ మిషను కొనడం తప్పని నేననను. ఇప్పుడు అడిగినా కొనమనే అంటాను. మావారి భుజం నాది కూడా. కానీ ఆ కప్పిన సంచి చూసిన రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను.

మరుసటి వేసవిలో అక్క హాక్సాను పాత ఇనుములో అమ్మేసింది. మోటారు మాత్రం ఉంచుకుంది. దానికే తిరగలి రాళ్లు బిగించి అదే షెడ్డులో పిండి గిర్ని పెట్టింది. కంపెనీల్లో పనికి బిహారు నుంచి వచ్చినవాళ్లు గోధుమలు మర పట్టించుకోవడానికి చాలా దూరం పోతున్నారని కనిపెట్టింది. ఒక పొద్దున బొట్టుపెట్టె పట్టుకుని మా షెడ్డులోకి వచ్చింది.

"నీ చెయ్యితోని షురు జెయ్యాలె చెల్లె."

"నా చెయ్యా? నా చెయ్యి నీకేం చేసిందో తెలిసే అడుగుతున్నావా అక్కా? నా వల్ల కాదు. ఇంకెవరినైనా పిలువు."

"నాది మంచి చెయ్యి అని అందరన్నరు. అందరికి మంచిగనే అయింది. నాకేమయింది? మంచి చెయ్యి పని జూసిన, ఇగ నీ చెయ్యి పని జూస్త. లే, ఎండెక్కుతున్నది."

కొబ్బరికాయ ఆమే కొట్టింది. స్విచ్చు నేను వేశాను. వేస్తూ కళ్లు మూసుకున్నాను. అదే మోటారు, అదే మోత. జొన్నలు పోసి ఇద్దరం డబ్బాలు బోర్లించుకుని కూర్చున్నాం. మొదటి పిండి బూడిదరంగులో, పాత మోటారుకు పట్టిన సబ్బునూనె కంపు కొడుతూ దిగింది. దాన్ని బయట గేదెకు వేస్తే అది మూతి తిప్పుకుంది. నేను లేవబోయాను. అక్క రెండోసారి జొన్నలు పోసింది.

ఈసారి పిండి తెల్లగా వచ్చింది. చిటికెడు తను నోట్లో వేసుకుని, చిటికెడు నా అరచేతిలో పెట్టింది. వేసుకున్నాను. అందులో ఇంకా నూనె వాసన ఉంది. ఆమెకూ తెలిసింది, నాకూ తెలిసింది.

"ఎట్లుంది?" అంది.

"బాగుంది అక్కా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి, మూడోసారి జొన్నలు పోసింది.