జరగని పోట్లాట

నా కోతలకు గుంటూరు మిర్చియార్డులో మంచి పేరుంది. ఒకసారి మా కమీషన్ కొట్లో నేను తుమ్మితే ఎదుటి కొట్లో మిరపకాయల టిక్కీలు, ఆ బస్తాలన్నీ జారిపడ్డాయని చెప్పాను. ఇద్దరు రైతులు వెళ్ళి చూసొచ్చారు కూడా. అలాంటివాణ్ణి నలభై దాటాక పెళ్ళి చేసుకున్నానంటే ఎవరు నమ్ముతారు?

"ఒరేయ్, ఇది కూడా కోతేనా?" అన్నాడు పక్క కొట్టు గుమాస్తా.

"కోతైతే పెళ్ళికూతురికి పాతికేళ్ళని చెప్పేవాణ్ణి గదరా!"

ఆమె విదేశంలో ముసలివాళ్ళను చూసుకునే నర్సు. మొదటి భర్త పోయి చాలా ఏళ్ళయింది. సెలవు మీద కనిగిరిలో వాళ్ళక్క ఇంటికి వచ్చినప్పుడు సంబంధం కుదిరింది. మళ్ళీ పెళ్ళికి బాజాలెందుకంది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టాం. సెలవు అయిపోగానే వెళ్ళిపోయింది. ఆమె దగ్గరికి చేరాలని నేను వీసాకు పెట్టుకున్నాను.

పెళ్ళి నిజమేనని రుజువు చేయాలట. బ్రాడీపేటలో ఆ కాగితాలు చూసే ఏజెంటు మా ఫొటోలు తిరగేసి తల పట్టుకున్నాడు.

"ఏంటండీ ఇది? మీ ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేట్టున్నాడు!"

"పెద్దవాళ్ళ ముందు అట్టాగే నిలబడతాం గదండీ."

"అది మనకి తెలుసు, వాళ్ళకేం తెలుసు? సరే, ఫోన్లో ఇంటర్వ్యూ ఉంటుంది. మీ సంగతి విన్నాను. ఒక్క కోత కోసినా కొంప మునుగుద్ది. ఉన్నదున్నట్టు చెప్పండి."

ఒట్టేశాను.

అవతల అధికారి ఇంగ్లీషులో అడుగుతుంటే ఒకావిడ తెలుగులో చెబుతోంది. "మీరిద్దరూ చివరిసారి దేనికి పోట్లాడుకున్నారు?" అన్నారు. నాలుక దురదపెట్టింది. కాకరకాయ పులుసు దగ్గర మొదలుపెట్టి పంచాయితీ దాకా లాగగలను. మింగేశాను.

"ఎప్పుడూ పోట్లాడలేదండీ. డ్యూటీ దిగి, అలిసిపోయి ఫోను చేస్తుంది. ఆ కాసేపూ పోట్లాటకి పోగొట్టుకోబుద్ధి కాదు."

అంత నికరమైన నిజం నేను అంతకుముందెప్పుడూ చెప్పి ఎరగను.

అదే రోజు ఆమెనూ విడిగా అడిగారు. కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. వీసా ఇవ్వలేమన్నారు. పోట్లాటే లేదని భర్త అంటున్నాడు, జరిగిందని భార్య అంటోంది, ఈ పెళ్ళిని నమ్మలేమన్నారు.

ఆమె ఫోను చేసి చాలాసేపు ఏడ్చింది.

"పోట్లాడుకోని మొగుడూ పెళ్ళాల్ని ఎవరు నమ్ముతారని ఇక్కడ తోటి నర్సు అందండీ. మీరెట్టాగూ ఏదో ఒకటి అల్లుతారు గదా, నేనొక్కదాన్నే లేదంటే ఎట్టా అనుకున్నా."

నా కోతలకు కూడా నవ్వకుండా, "నిజంగానా అండీ?" అని అడిగే మనిషి ఆమె. అబద్ధం ఆడటం చేతకాదు.

"ఏం చెప్పావు?"

"తడి తువ్వాలు మంచం మీద పడేశారని. ఎన్నిసార్లు చెప్పినా వినరని. దాన్ని తీసి ఆరేసి, ఆ పూటంతా మీతో మాట్లాడలేదని." ముక్కు చీదుకుని, "సాయంత్రం మీరే కాఫీ పెట్టి తెచ్చిచ్చారని కూడా చెప్పా" అంది.

మాకు మంచమెక్కడిది? కాపురమున్న ఆ నాలుగు రోజులూ వాళ్ళక్క ఇంట్లో, హాల్లో చెరో చాప పరుచుకున్నాం. కాఫీ పెట్టడానికి ఆ వంటింట్లోకి నేను అడుగైనా పెట్టలేదు.

"ఆ మంచం ఎక్కడ వేశావు?" అని అడిగాను.

"కిటికీ పక్కనండీ" అంది, తడుముకోకుండా.