జ్వరం సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు

అక్కలారా, ముందుగా నా రాతను మన్నించండి. నా చదువు అయిదో తరగతితో ఆగింది. వత్తులు తప్పుతాయి, అక్షరాలు గీత దిగిపోతాయి. ఇంకొకరి చేత రాయిద్దామంటే ఇది అట్లాంటి సంగతి కాదు. మన పందుల డాక్టరమ్మ పోయిన మంగళవారం పొద్దున నాచారంలో తన ఇంట్లోనే గుండె ఆగి చనిపోయారు. ఉప్పల్‌లోనూ నాగారంలోనూ పందులు పెంచుకునే మన ఇళ్ళన్నిటికీ ఆమె వచ్చేవారు కాబట్టి మీకూ కబురు అందే ఉంటుంది.

మా దొడ్డి దగ్గరికి వచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా నిలబడ్డ మొదటి బయటి మనిషి ఆమె. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా స్కూటీ మీద వచ్చేవారు. ముందు పందులను పలకరించి, తర్వాత మమ్మల్ని పలకరించేవారు. పోయేముందు మా గ్లాసులోనే చాయ్ అడిగి తాగేవారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు, ఏమడిగినా తల ఊపేదాన్ని. "తలకాయ ఊపితే నేనేం రాసుకోవాలె? నోరు తెరువు బిడ్డా" అని నవ్వేవారు.

ఒకసారి ఆమె పుల్లకు చుట్టిన దూదిని పంది ముక్కులో తిప్పి సీసాలో వేస్తుంటే, బాగున్న పందికి పరీక్ష ఎందుకని అడిగాను. నేను నోరు తెరిచినందుకే కావచ్చు, అరగంట కూర్చుని చెప్పారు.

"పంది అంటే మన ఉప్పల్ చౌరస్తా అనుకో. పక్షుల నుంచి వచ్చిన ఫ్లూ వైరస్ దిగుతది, మనుషుల నుంచి వచ్చింది దిగుతది. గా గుంపుల ఒకరి సంచి ఒకరికి మారిపోతది. రెండిటి సామాను కలిసి కొత్తది తయారైతది."

పక్షి ఒంట్లో బతికిన వైరస్‌కు పంది ఒళ్ళు కొత్త. కొత్త కోడలు అత్తగారింటికి అలవాటు పడ్డట్టు అదీ మెల్లగా పడుతుందట. పెరిగేటప్పుడు తన నకళ్ళలో ఎన్నో తప్పులు చేస్తుంది. చాలా తప్పులు దాన్నే చంపుతాయి. ఎప్పుడో ఒక తప్పు ఈ కొత్త ఒంటికి సరిగ్గా సరిపోతే అది నిలబడుతుంది. అలవాటు పడినంత మాత్రాన చంపుతుందని కాదు. ముక్కు దగ్గరే ఆగితే జలుబు, ఊపిరితిత్తుల లోపలికి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. ముసలివాళ్ళకు, కడుపుతో ఉన్నవాళ్ళకు ఎక్కువ భయం. ఏ మార్పు ఎటు తీసుకుపోతుందో ముందే చెప్పలేరు కాబట్టే వెంట పడి చూస్తుండాలి. అందుకే ఆమె ప్రతి ఇంట్లో ఒకే మాట చెప్పేవారు. జ్వరం వస్తే దొడ్లోకి పోకండి, నాకు చెప్పండి.

నేను కాపురానికి వచ్చిన ఆ ఏడాది చలికాలం, నాగారంలో పందులు అమ్మే తాత దగ్గర అయిదు పందిపిల్లలను కొన్నాము. ఒకటి బలహీనంగా ఉండేది. దాన్ని కొంగులో చుట్టుకుని సీసాతో పాలు పట్టేదాన్ని. అప్పుడే నాకు జ్వరం వచ్చింది. అంతకు వారం ముందు తలనొప్పి అని పడుకుంటే మా అత్త, "వచ్చి ఆర్నెల్లు కాలే, అప్పుడే మంచమెక్కుడా?" అంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మా ఆయన కంపెనీ డ్యూటీ నుంచి వచ్చేసరికి చీకటి పడేది. ఇంకెవరు చేస్తారు? గోలీ మింగి, దగ్గు కొంగులో దాచుకుని, అదే కొంగులో పిల్లను పెట్టుకున్నాను. నాలుగు రోజులకు పిల్లలన్నీ దగ్గాయి. నాలుగు తేరుకున్నాయి. నా ఒళ్ళో పెరిగింది చచ్చిపోయింది.

డాక్టరమ్మ వచ్చి దూదితో ముక్కులు తుడిచారు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని నన్నే అడిగారు. పక్కన అత్త ఉంది. నేను తల ఊపలేదు. "లేదమ్మా" అని గట్టిగా చెప్పాను. ఆమె నన్ను కాసేపు చూసి స్కూటీ ఎక్కారు. మా ఇంట్లో జ్వరం లేదంటే జబ్బు పందిపిల్లలతోపాటే వచ్చి ఉండాలని నేరుగా నాగారం పోయి, పరీక్ష తేలేదాకా ఎవరికీ అమ్మవద్దని తాతకు చెప్పారు. ఆ మాట ఎట్లా పాకిందో మీకు తెలుసు, మీలో కొందరు ఆయన దగ్గర కొనడం మానేశారు. పరీక్షలో తాత దొడ్డికి ఏమీ లేదని తేలినా, ఆ ఏడాది ఆయన పందిపిల్లలు అమ్ముడుపోలేదు.

మా పందిపిల్లల్లో దొరికింది ఆ నెలలో మనుషుల్లో తిరుగుతున్న వైరసేనట. ఆ సంగతి చెప్పడానికి డాక్టరమ్మ మళ్ళీ వచ్చారు. పందుల నుంచి మనకే కాదు, మన నుంచి పందులకూ పోతుందన్నారు. నన్ను మళ్ళీ అడగలేదు. నేను నీళ్ళు పోస్తుంటే బూట్లు కడుక్కుంటూ, తల ఎత్తకుండా అన్నారు.

"జ్వరమొచ్చుడు తప్పు కాదు బిడ్డా. దాచినవనుకో, అది ఏడికెళ్ళి ఏడికి పోయిందో నాకెట్ల ఎరుకైతది?"

చెంబులో నీళ్ళు అయిపోయేదాకా పోస్తూనే ఉన్నాను. చెప్పలేదు. తర్వాత చెప్పాలనే రెండుసార్లు నాచారం పోయాను. రెండోసారి ఆమె నాకు ఉప్మా పెట్టి, పందులు ఈనాయా అని అడిగారు. ఈనాయని చెప్పి, తిని వచ్చేశాను. ఆ ఉప్మా తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

నిన్న కొత్త డాక్టరు సారు వచ్చి, ఇంట్లో ఎవరికైనా జ్వరముందా అని అదే ప్రశ్న అడిగారు. నాకు రెండు రోజులుగా జలుబు, ఒళ్ళు వెచ్చగా ఉంది.

"నాకున్నది సారూ. అప్పుడు పిల్లలు దగ్గినప్పుడు గూడ నాకే ఉండె" అన్నాను.

అత్త నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. "అవుతలికి జరుగు" అని నా చేతిలో బకెట్ తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ తనే దొడ్లోకి పోయింది. పందిపిల్లలు ఆమె దగ్గరికి పోలేదు. నా గాజుల చప్పుడు విని కంచె దగ్గరికి ఉరికి వచ్చాయి. నేను ఒక చేత్తో రెండో చేతి గాజులు అదిమి పట్టుకుని, అవి మళ్ళీ అత్త వైపు తిరిగేదాకా చప్పుడు కాకుండా వెనక్కి నడిచాను.

జ్వరం తగ్గగానే నాగారం పోతాను. తాతకు ఈ సంగతి నా నోటితోనే తెలియాలి, ఈ కాగితం నాకన్నా ముందు ఆయన ఇల్లు చేరకూడదు. అందుకని అక్కలారా, అందరూ చదవగానే దీన్ని పొయ్యిలో వేసి కాల్చేయండి.