పడమటి తీరం ఆట, రాజన్న బాబాయ్ ఫోను

మా చిన్నప్పుడు... ఆగండాగండి. ముందుగా యావత్ పాఠకలోకానికి శిరసు వంచి క్షమాపణలు. ఈ జ్ఞాపకంలో తాటిముంజలు లేవు, కాలవలో ఈతలు లేవు, అమ్మమ్మ గోరుముద్దలు అసలే లేవు. ఉన్నదల్లా బేస్‌బాల్. అదీ దుబాయ్‌లో, నైఫ్ అనే పేటలో ఓ సందులో, నాలుగో అంతస్తు ఫ్లాట్లో. ఈ ఘోరానికి చరిత్ర నన్ను క్షమించకపోయినా, మీరొక లైకు కొట్టగలరని మనవి.

చిన్నప్పుడంటే మరీ చిన్నప్పుడు కాదు. కరోనా ఏడాది. నాకు పదిహేనేళ్లు... మీసం వచ్చిందని నేను, రాలేదని అద్దం వాదించుకునే రోజులు.

ఒక గదిలో అమ్మా, నాన్నా, నేనూ. బయట హాల్లో ఓ పాత చీరె కర్టెన్ కట్టి, దాని అవతల మంచం మీద రాజన్న బాబాయ్. మాకు చుట్టం కాడు, ఆ మంచానికి అద్దె కట్టి ఉండేవాడు. మాది అమలాపురం దగ్గర, ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. ఆయన పనిచేసే బిల్డింగు సైటు మూతబడింది, కంపెనీ వీసా ఖలాస్ చేసింది. ఊళ్లో భార్యకి నెలలు నిండుతున్నాయి... తొలి కాన్పు.

ఇంటికెళ్లాలంటే స్పెషల్ ఫ్లైట్ లిస్టులో పేరు రావాలి. వస్తే మన కాన్సులేట్ ఆఫీసు నుంచి ఫోన్ చేస్తారు. ఎత్తకపోతే ఆ సీటు తర్వాతి మనిషికి. అందుకని బాబాయ్ స్నానానికెళ్లినా ఫోను ఎవరో ఒకరి చేతిలో పెట్టి మరీ వెళ్లేవాడు. ఆ ఎవరో ఒకరు... సాధారణంగా నేనే.

నాన్న పనిచేసే బట్టల కొట్టు బంద్. నా స్కూలు బంద్. కిటికీ తీస్తే ఎదుటి బిల్డింగు ఏసీ డబ్బాలు, వాటి వేడిగాలి. హాల్లో తలుపు నుంచి కిటికీకి పదకొండు అడుగులు. ఎన్నిసార్లు నడిచినా పన్నెండు కాలేదు.

మనవాళ్ల క్రికెట్ కూడా బంద్. ఎక్కడ దొరికిందో అడక్కండి గానీ, ఓ లింకు దొరికింది... నొక్కితే అమెరికాలో బేస్‌బాల్. బాబాయ్ ఫోన్‌ని నూనె డబ్బాకి ఆనించి మొదలుపెట్టాం.

"గిదేం ఆటరా పోరగా? ఫుల్‌టాస్ ఏస్తే కొట్టలేకపోతుండు!"

"అదే రూలు బాబాయ్. మూడుసార్లు కొట్టకపోతే అవుట్."

"మూడు ఛాన్సులా? మా ఫోర్‌మన్ ఒక్కటి గూడ ఇయ్యడు."

వారం తిరిగేసరికి ఇద్దరం పండితులం. అమెరికా తూర్పు వైపు ఆట మాకు తెల్లవారుజామున మూడింటికి, పడమటి తీరం ఆట ఆరింటికి. మేం పడమటి తీరంలో నీలం టోపీల జట్టుని దత్తత తీసుకున్నాం. దానికోసం రాత్రంతా మేలుకోవడం, తొమ్మిదింటికి ఆట అయ్యాక పడుకోవడం. అవతలివాడు అవుటైతే బాబాయ్ గొంతు తగ్గించి "ఖలాస్!" అనేవాడు. అయినా లోపల్నుంచి నాన్న కేకేసేవాడు.

"ఏంట్రా ఆ గోల? వాళ్లు గెలిస్తే మన కొట్టు తెరుస్తారా?"

స్టేడియం ఖాళీ. జనం రాకూడదని కుర్చీల్లో మనుషుల అట్టబొమ్మలు నిలబెట్టారు. బాబాయ్ వాటినే చాలాసేపు చూసేవాడు.

"గా అట్టబొమ్మలే నయం రా... బయట గాలికి కూసున్నయి."

నన్ను చిన్నపిల్లాణ్ణి చేయకుండా మాట్లాడిన మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే. పుట్టబోయేది ఆడపిల్లేనని, పేరు నన్ను పెట్టమని అడిగాడు. నేను నీలం టోపీల జట్టులో బంతి విసిరే పిచర్ పేరు చెప్పాను. చెప్పు తీశాడు.

ఓ రోజు నాన్న ఎందుకైనా మంచిదని ఆ ఆఫీసుకి ఫోన్ చేశాడు. "నాలుగు రోజుల కిందటే రాజన్నకి చేశాం, ఎత్తలేదు, సీటు వేరేవాళ్లకి ఇచ్చేశాం" అన్నారు. బాబాయ్ కాల్ లిస్టు పైకీ కిందికీ జరిపి చూశాడు. ఏమీ లేదు.

"నెట్‌వర్క్ కావచ్చు అన్నా" అన్నాడు నాన్నతో. మంచం మీద కూర్చుని, కర్టెన్ తనే లాక్కున్నాడు.

మళ్లీ సీటు రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా పాప పుట్టింది... ఫొటో ఆ ఫోన్‌కే వచ్చింది. అందరికీ చూపించాక నా పక్కన కూర్చుని, "ఇయ్యాల మ్యాచ్ పెట్టవా పోరగా?" అన్నాడు. లింకు పనిచేయట్లేదని చెప్పాను. పనిచేస్తోంది.

ఇప్పుడు నాకు డిగ్రీ ఉంది, ఉద్యోగముంది, సొంత ఫోనూ, ఆటలు చూడ్డానికి డబ్బు కట్టిన ప్యాకేజీ ఉన్నాయి. స్టేడియంలో కుర్చీల నిండా నిజం మనుషులే. నీలం టోపీల ఆట ఇప్పటికీ ఆరింటికే వస్తుంది. పక్కన గొంతు తగ్గించి "ఖలాస్" అనే మనిషే లేడు... మీకూ అలా ఒక గదిలో తోడుగా ఇరుక్కున్న మనిషి ఉంటే, కింద రాయండి. బాబాయ్ కూడా చదువుతాడు, నా ప్రతి పోస్టుకీ ఓ దండం బొమ్మ పెడతాడు.

కాబట్టి ఇది ఆయనకి.

ఆ పొద్దున నువ్వు స్నానానికెళ్లావు బాబాయ్. ఫోన్ మోగింది... ఊరి నంబరు కాదు, ఇక్కడి ఆఫీసు నంబరు. కట్ చేశాను. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాను. ఊరి నుంచి ఫోనొస్తే కట్ చేసి మనమే తిరిగి చేయడం మనందరి అలవాటే, నేనూ అలాగే చేశానని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఆట మధ్యలో ఉందని కూడా చెప్పుకున్నాను.

ఆట అప్పటికే అయిపోయింది బాబాయ్. నువ్వెళ్లిపోతావని, ఆ రెండు కాల్సూ లిస్టులోంచి తీసేసింది నేనే.