దగ్గు మందు అమ్మని రోజు

నా మందుల షాపు కౌంటర్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. మొయినాబాద్‌లో నా మాట నమ్మేవాళ్లు తక్కువ కనుక ప్రమాణం చేయక తప్పలేదు.

రెండేళ్ల కిందటి వానాకాలం, ఒక శనివారం మధ్యాహ్నం. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో తోటమాలి యాదయ్య ఆటో దిగి వచ్చాడు. వెంట వాళ్లమ్మ, ఆమె చేతుల్లో దుప్పటి చుట్టిన అతని ఏడాదిన్నర పాప. మూడు రోజులుగా జ్వరం, దగ్గు.

"అన్నా, జర గట్టి దగ్గు మందియ్యి. జ్వరం సిరప్ పోస్తే దిగింది. పొద్దుగాల నుంచి ఏడుస్తనే లేదు, మంచిగనే ఉన్నది."

ఆ మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. మూడు రోజులు రాగం తీసిన పిల్ల ఉన్నట్టుండి ఆపేసిందంటే, నయమైనా అయ్యుండాలి, ఏడ్చే ఓపికైనా పోయి ఉండాలి.

"పాలు తాగుతున్నదా?"

"రెండు గుక్కలు తాగి ఇడిశిపెడుతున్నది."

దుప్పటి తీయించి గౌను పైకెత్తాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతోంది. పుస్తకాల్లో దీని పేరు చెస్ట్ ఇన్‌డ్రాయింగ్. మనవాళ్లు డొక్కలెగరేయడం అంటారు. గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాను. యాభై ఆరు! ఆ వయసు పిల్లలకు, ఏడవకుండా ఉన్నప్పుడు, నలభైకి చేరితేనే డాక్టరుకు చూపించాలి. జ్వరం దిగినా ఊపిరి నెమ్మదించలేదంటే న్యుమోనియా కావచ్చు. దానికి దగ్గు మందు పనికిరాదు.

"మందియ్యను. ఇదే ఆటోల చేవెళ్ల దవాఖానకు పో."

"సాయంత్రం పోత అన్నా. సేటు దోస్తులొస్తున్నరు. నేను లేకుంటే నౌకరి ఊడుతది."

నేను ఫోన్ చెవికి పెట్టుకున్నాను. "ఆఁ సేటూ... పొమ్మంటరా? మంచిది." పెట్టేసి, "మీ సేటే. ఫికర్ చెయ్యకుండ పొమ్మన్నడు" అన్నాను.

"మా సేటు నీకెట్ల ఎరుక?"

"హైదరాబాద్ సేట్లల్ల సగం మందికి గ్యాస్ గోళీలు నేనే ఇస్త. నడువు!"

ఆ ఆటో దారిలో రెండు బస్సులను దాటిందట. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు, యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆరో రోజు ఆ పిల్ల షాపుకొచ్చి నా కళ్లజోడు పీకేసింది. యాదయ్య నౌకరి కూడా ఊడలేదు. వానకు భయపడి సేటు దోస్తులు రానేలేదు.

ఇక ఒప్పుకోలు. ఎవరికీ కలపకుండా ఆడిన ఫోన్ నాటకం నిజం, ఆటో నిజం. కల్పించింది ఒక్కటే: అనుమానం నాకు వచ్చిందన్నది. నేను అప్పటికే దగ్గు సీసా తీసి కవర్లో వేశాను. "కొడుకా, డొక్కలెగరేస్తున్నది సూడు" అని యాదయ్య తల్లి చెప్తే, "ఆగవ్వా" అన్నాను. రెండోసారి చెప్పినా అదే అన్నాను. మూడోసారి ఆమె నా చెయ్యి లాగి పాప ఛాతీ మీద పెట్టింది. నేను లెక్కపెట్టింది ఆ తర్వాతే.

ఇప్పుడు చంటిపిల్లల దగ్గుకు మందు అడిగితే, ముందు పిల్లను తెమ్మంటాను. వెంట అవ్వ ఉంటే, మొదట ఆమెనే మాట్లాడనిస్తాను.